“ఇది మా కల్చర్” అంటే అమెరికా కోర్టు ఎంతవరకు వింటుంది?

మీరు ఒకే ప్రశ్నలో నాలుగు సంగతులు అడిగారు. మీ కుటుంబం డాలస్ దగ్గర ఉంటోంది. మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు పాపకు ఓణీల ఫంక్షన్ చేసి, అదే రోజు ముక్కు కుట్టించారు. ఇప్పుడు స్కూలు వాళ్లు ముక్కుపుడక తీసేసి రమ్మంటున్నారు. పోచమ్మకు మొక్కు ఉంది, ఇంటి వెనక మేకను కోసుకోవచ్చా అని మీ అత్తగారు అడుగుతున్నారు. హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న మీ తమ్ముడికి మేనమామ కూతురిని ఇచ్చి చేద్దామని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. వీటన్నిటికీ మీ బావగారిది ఒకటే జవాబు: “ఇది మన కల్చర్, ఇక్కడ రెలిజియస్ ఫ్రీడమ్ ఉంది, మనల్ని ఎవరూ ఏమీ అనలేరు.” పిల్లాడిని కొట్టినప్పుడు కూడా ఆయన ఇదే మాట అంటున్నారని రాశారు.

టెక్సాస్‌లో మన కుటుంబాల కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్న లాయర్‌గా చెబుతున్నాను. మీ బావగారి ధీమా కొన్ని చోట్ల చెల్లుతుంది, కొన్ని చోట్ల మనిషిని జైలుకు పంపుతుంది. ఆ తేడా తెలియకుండా ఆ మాటను నమ్ముకోవద్దు.

ముందు అసలు సంగతి. అమెరికా రాజ్యాంగంలో మతానికి రక్షణ ఉంది, సంస్కృతి ప్రస్తావనే లేదు. ఉద్యోగాల్లో వివక్ష వద్దని చెప్పే 1964 నాటి పౌరహక్కుల చట్టంలోనూ జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం ఉన్నాయి గానీ ఆచారం లేదు. అలబామాలో ఒక కంపెనీ 2010లో ఒక నల్లజాతి మహిళకు ఉద్యోగం ఇస్తామని చెప్పి, డ్రెడ్‌లాక్స్ (పాయలుగా పెనవేసుకున్న జుట్టు) తీసేయడానికి ఆమె ఒప్పుకోనందుకు ఆఫర్ వెనక్కి తీసుకుంది. పుట్టుకతో వచ్చిన లక్షణాలకే చట్టం రక్షణ ఇస్తుందని, జాతితో ముడిపడిన సాంస్కృతిక అలవాట్లకు ఇవ్వదని 2016లో అప్పీలు కోర్టు తేల్చేసింది. ఆ తీర్పు న్యాయమైనదని నేను అనుకోను. ఆ లోటు పూడ్చడానికే టెక్సాస్ సహా చాలా రాష్ట్రాలు జుట్టు విషయంలో విడిగా చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. ఆ తీర్పుకు ఒక్క ఏడాది ముందు, 2015లో, హిజాబ్ కారణంగా అబర్‌క్రాంబీ బట్టల దుకాణంలో ఉద్యోగం దక్కని అమ్మాయి విషయంలో సుప్రీంకోర్టు ఆమె వైపు నిలబడింది. రెండూ ఉద్యోగం కోసం వెళ్లిన మనిషి తల మీద ఉన్నదాని గురించిన కేసులే. ఒకటి మతం కింద వచ్చింది, రెండోది రాలేదు.

మనకు ఇక్కడే చిక్కు. మన ఇళ్లలో ఏది పూజ, ఏది ఆచారం, ఏది అమ్మమ్మ చెప్పిందని చేసేది అని విడదీసి చెప్పలేం. కోర్టు మాత్రం విడదీయమంటుంది. దానికి సిద్ధపడి వెళ్లాలి.

ఇక ముక్కుపుడక. మీది పబ్లిక్ స్కూలు అయితే మీ చేతిలో మంచి ఆయుధమే ఉంది. దాని వెనక కథ కొంచెం చెప్పాలి. ఒరెగాన్‌లో పెయోటీ అనే మత్తు కలిగించే మొక్కను పూజలో తీసుకున్నందుకు ఇద్దరికి ఉద్యోగాలు పోయాయి, నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు. అందరికీ ఒకేలా వర్తించే మామూలు చట్టం మీ మతాచారానికి అడ్డొచ్చినా రాజ్యాంగం ఆదుకోదని 1990లో సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది. దేశమంతా గొడవ చేసింది. 1993లో కాంగ్రెస్ మతస్వేచ్ఛను పునరుద్ధరిస్తూ చట్టం తెచ్చింది. ఆ చట్టం రాష్ట్రాల మీద చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన టెక్సాస్‌లోని బర్నీ అనే ఊరిది, ఒక చర్చి భవనాన్ని పెద్దది చేసుకోవడం గురించి. దాంతో టెక్సాస్ 1999లో సొంతంగా అలాంటి చట్టమే చేసుకుంది. నిజాయతీగా నమ్మిన మతాచారానికి ప్రభుత్వం పెద్ద అడ్డంకి పెట్టాలంటే చాలా బలమైన కారణం చూపించాలి, అది కూడా అతి తక్కువ ఇబ్బంది పెట్టే పద్ధతిలోనే చేయాలి అని ఆ చట్టం చెబుతుంది. పబ్లిక్ స్కూలు డిస్ట్రిక్టు కూడా ప్రభుత్వమే. ప్రైవేటు స్కూలుకు ఇది వర్తించదు. కాలిఫోర్నియాలో ఇలాంటి రాష్ట్ర చట్టం లేదు కాబట్టి అక్కడి మీ స్నేహితుల సలహా మీకు పనికిరాదు, మీది వాళ్లకు పనికిరాదు.

ఈ చట్టం కింద హ్యూస్టన్ దగ్గర నీడ్‌విల్ అనే చోట ఒక కేసు నడిచింది. అమెరికా ఆదివాసీ కుటుంబానికి చెందిన కిండర్‌గార్టెన్ పిల్లవాడు. అతని జుట్టు కత్తిరించడం వాళ్ల నమ్మకానికి విరుద్ధం. మగపిల్లల జుట్టు పొట్టిగా ఉండాలన్నది స్కూలు రూలు. జడ వేసి చొక్కాలోకి దోపుకోవాలి, లేదంటే ముడి వేసుకోవాలి అని స్కూలు చివరికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు కూడా నమ్మకాన్ని దాచుకోమని చెప్పడమేనని కుటుంబం ఒప్పుకోలేదు. 2010లో అప్పీలు కోర్టు పిల్లవాడి వైపే తీర్పు ఇచ్చింది. పుడక మీద ప్లాస్టర్ అంటించుకుని రమ్మని మీ స్కూలు రాజీకి వస్తే ఈ కేసు గుర్తుపెట్టుకోండి.

మీ కేసుకు అచ్చంగా సరిపోయే తీర్పు మాత్రం అమెరికాలో రాలేదు, దక్షిణాఫ్రికాలో వచ్చింది. 1860 నుంచి 1911 దాకా నాటల్ చెరుకు తోటలకు కూలీలుగా వెళ్లిన తమిళులు, తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. డర్బన్ గర్ల్స్ హైస్కూల్లో చదివే సునాలీ పిళ్లై 2004 సెలవుల్లో ముక్కు కుట్టించుకుని వచ్చింది. చెవి దుద్దులు తప్ప నగలేవీ పెట్టుకోకూడదని స్కూలు రూలు. వాళ్లది దక్షిణ భారత కుటుంబం. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక ముక్కు కుట్టించడం, పదహారో పుట్టినరోజుకు ఆ బంగారు పుడక తీసి అమ్మమ్మ వజ్రపు పుడక పెట్టడం తమ ఇంటి పద్ధతి అని తల్లి కోర్టులో చెప్పింది. ఫ్యాషన్ కోసం కాదని, పూజతో, పెద్దల ఆశీర్వాదంతో జరిగే పని అని వివరించింది. సమానత్వ కోర్టులో స్కూలు గెలిచింది, హైకోర్టులో తల్లి గెలిచింది. 2007 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం అమ్మాయి వైపు తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి పియస్ లాంగా రాసిన ఆ తీర్పు నేను మళ్లీ మళ్లీ చదువుతుంటాను. హిందూ మతం ముక్కుపుడకను తప్పనిసరి చేయలేదు కదా అని స్కూలు వాదించింది. తప్పనిసరి కాకపోయినా ఆ మనిషికి అది ముఖ్యమైతే రక్షణ ఉంటుందని ఆయన రాశారు. మతం, సంస్కృతి ఎక్కడ కలుస్తాయో గీత గీయలేమని కూడా ఒప్పుకున్నారు. ఆ దేశ రాజ్యాంగంలో, సమానత్వ చట్టంలో మతంతో పాటు సంస్కృతిని కూడా ప్రత్యేకంగా రాసుకున్నారు కాబట్టి అంత ధైర్యంగా రాయగలిగారు. ఒక్కరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరు ఇంకేదో వేసుకొస్తారని స్కూలు భయపడింది. అలా వేసుకొస్తే అది దేశపు వైవిధ్యానికి పండగేనన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. ఆ తీర్పు టెక్సాస్ జడ్జిని కట్టిపడేయదు. కానీ స్కూలుకు రాసే లేఖలో ప్రస్తావిస్తే, మీరు అడుగుతున్నది వింత కోరిక కాదని వాళ్లకు అర్థమవుతుంది.

ఆ తీర్పులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. లాంగా గారు చూసింది సమాజం ఏమంటోందని కాదు, ఆ అమ్మాయికి ఆ పుడక ఏమిటని. చట్టం ఇచ్చే రక్షణ మనిషికి, కులానికీ కుటుంబానికీ సంఘానికీ కాదు. ఇలాంటి కేసు నా దగ్గరకు వస్తే తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమని, పాపతో విడిగా మాట్లాడతాను. “నీకు కావాలా? ఎందుకు కావాలి?” అని అడుగుతాను. కొందరు పిల్లలు కళ్లు మెరిపిస్తూ అమ్మమ్మ పేరు చెబుతారు. ఒకమ్మాయి మాత్రం నేల చూస్తూ, “నాకు తీసేయాలనే ఉంది ఆంటీ, అమ్మ బాధపడుతుందని చెప్పలేదు” అంది. ఆ కేసు నేను తీసుకోలేదు. ఆ తల్లికి కోపం వచ్చింది, నేనేం చేయగలను? నమ్మకం నిజమైనదా అని కోర్టు అడిగేది ఆ పాపనే. ఆ వయసులో పాప చేత అబద్ధం చెప్పించకూడదు.

మీ పాప కావాలంటే మాత్రం వెనక్కి తగ్గొద్దు. ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. “మా ట్రెడిషన్” అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకండి. ఫంక్షన్ ఎప్పుడు జరిగింది, ఏ పూజలో భాగంగా కుట్టించారు, ఇంట్లో ఎవరెవరికి ఎప్పుడు కుట్టించారు, తీసేస్తే మీ నమ్మకం ప్రకారం ఏమవుతుంది, ఇవన్నీ మీ మాటల్లో రాయండి. లేనిది కల్పించకండి. ఆటల (పీఈ) క్లాసులో టేపు వేసుకుంటుందని, పుడక చిన్నదేనని మీరే ముందుగా చెబితే “సేఫ్టీ” అన్న వాదన సగం తగ్గిపోతుంది. దావా వేయాల్సి వస్తే టెక్సాస్ చట్టం ప్రకారం 60 రోజుల ముందు సర్టిఫైడ్ పోస్టులో నోటీసు ఇవ్వాలి. అది మర్చిపోయి కేసులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. చాలా స్కూళ్లు ఆ నోటీసు దాకా రానివ్వవు.

మేక సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్యలో యూలెస్ ఉంది కదా, మన వాళ్లు ఎయిర్‌పోర్టుకు వెళ్తూ దాటిపోయే ఊరు. అక్కడ పోర్టోరికో నుంచి వచ్చి స్థిరపడిన శాంటెరియా అనే, ఆఫ్రికా మూలాలున్న క్యూబా మతానికి చెందిన ఒక పూజారి ఏళ్ల తరబడి ఇంట్లోనే మేకలు, కోళ్లు బలిచ్చేవాడు. 2006లో ఎవరో ఫిర్యాదు చేస్తే సిటీ వాళ్లు వచ్చి ఆపేయమన్నారు. ఊళ్లో జంతువులను కోయకూడదన్నది సిటీ నిబంధన, తినడానికి కోళ్లు కోసుకుంటే ఫర్వాలేదు. కింది కోర్టులో ఆయన ఓడిపోయాడు. 2009 జులైలో అప్పీలు కోర్టు 1999 నాటి టెక్సాస్ చట్టం కిందే ఆయనను గెలిపించింది. ఇన్నేళ్లలో ఆ పూజల వల్ల ఎవరికైనా జబ్బు చేసిందా, ఆధారం చూపించండి అని అడిగితే సిటీ దగ్గర ఏమీ లేకపోయింది. అంతకుముందు 1993లో ఫ్లోరిడాలోని హయలియా నగరం మీద సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు కూడా ఇదే తరహా బలి గురించే. వేటకూ మాంసానికీ చంపితే ఒప్పు, పూజకు చంపితే తప్పు అనేలా రాసుకున్న నిబంధనలు చెల్లవని ఆ తీర్పు సారాంశం. క్యూబా నుంచి వలస వచ్చినవాళ్లు సాధించుకున్న ఆ తీర్పు ఈ దేశంలో మనలాంటి వాళ్లందరికీ పనికొస్తోంది.

అయినా అత్తగారికి అప్పుడే మాట ఇవ్వకండి. మీ ఇల్లు హోమ్ ఓనర్స్ అసోసియేషన్ కింద ఉంటే అది ప్రభుత్వం కాదు, ఈ చట్టం దాన్ని కట్టడి చేయదు. ద్వారానికి తోరణం, గుమ్మం మీద దేవుడి బొమ్మ లాంటి వాటిని ఆపకుండా టెక్సాస్‌లో విడిగా చట్టం ఉంది గానీ మేకకు అలాంటిదేమీ లేదు. జంతువును హింసించకుండా కోయడం, వ్యర్థాలను పద్ధతిగా పారేయడం, ఈ నియమాలు మీకూ వర్తిస్తాయి. మన దగ్గరే గుడి ఆవరణలో జంతుబలిని నిషేధిస్తూ 1950 నాటి చట్టం ఉంది, ఊళ్లో అది ఎంత అమలవుతోందో మీకు తెలుసు. ఇక్కడ పక్కింటి కెమెరాలో పడితే ముందు వచ్చేది పోలీసు, తీర్పు తర్వాత వస్తుంది. ఊరి బయట లైసెన్సు ఉన్న మాంసం కేంద్రాల్లో కొన్ని చోట్ల మీ ఎదుటే మీ పద్ధతిలో కోయించుకోనిస్తారు. మొక్కు అక్కడ తీర్చుకుని ప్రసాదం ఇంటికి తెచ్చుకోవడం మంచిదని నా సలహా.

ఇక మీ బావగారు పిల్లాడి మీద చెయ్యి చేసుకోవడం. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. టెక్సాస్‌లో క్రమశిక్షణ కోసం మితంగా దండించడానికి తల్లిదండ్రులకు చట్టం వీలిస్తుంది. ఆ వీలు అందరు తల్లిదండ్రులకూ ఉంది, తెలుగువాళ్లమని అదనంగా ఏమీ రాదు. వాత తేలినా, బెల్టు ఎత్తినా అది పిల్లల మీద నేరం కిందకు పోవచ్చు. అనుమానం వస్తే రిపోర్టు చేయడం టీచరుకు చట్టపరమైన బాధ్యత, ఆమె మీ మీద కక్షతో చేయదు. నార్వేలో ఆ మితమైన దండన కూడా నేరమే. ఏడేళ్ల కొడుకును హింసించినందుకు, ఆంధ్ర నుంచి వెళ్లిన దంపతుల్లో 2012 డిసెంబరులో ఓస్లో కోర్టు తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు జైలుశిక్ష వేసింది. అప్పట్లో మన టీవీల్లో అంతా “మన కల్చర్ వాళ్లకు అర్థం కాలేదు” అన్న చర్చే. ఆ పిల్లాడికి ఏం అర్థమైందని అడిగినవాళ్లు తక్కువ.

పిల్లల శరీరం దగ్గర అమెరికా చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం మీద 1996లోనే ఫెడరల్ నిషేధం వచ్చింది. మిషిగన్‌లో దావూదీ బోరా అనే ముస్లిం వర్గపు కుటుంబాల కేసులో 2018లో ఒక ఫెడరల్ జడ్జి ఆ చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కు లేదని కొట్టేశారు. ఆచారం గొప్పదని ఆయన అనలేదు, అది రాష్ట్రాల పని అన్నారు. కాంగ్రెస్ లోపం సరిచేసి కొత్త చట్టం చేసింది, 2021 జనవరిలో సంతకం అయింది. మతమనో ఆచారమనో సంప్రదాయమనో చెప్పుకుని ఈ నేరం నుంచి తప్పించుకోలేరని అందులోనే రాసి ఉంది.

కోర్టులు సంస్కృతి అన్న మాట విని మెత్తబడిన రోజులూ ఉన్నాయి. భార్యకు వేరొకరితో సంబంధం ఉందని సుత్తితో కొట్టి చంపిన ఒక చైనా వలసదారుడికి 1989లో బ్రూక్లిన్ జడ్జి జైలు లేకుండా ఐదేళ్ల ప్రొబేషన్‌తో (బయటే ఉంచి పర్యవేక్షించడం) సరిపెట్టాడు. చైనాలో పరువు పోవడం ఎంత పెద్ద విషయమో ఒక మానవశాస్త్ర ప్రొఫెసర్ వచ్చి చెప్పాడు. అక్కడ మగవాడు అలా భార్యను చంపిన ఉదాహరణ ఒక్కటి చెప్పమంటే చెప్పలేకపోయాడు. ఆ తీర్పు మీద రోడ్డెక్కినవాళ్లలో ఆసియా మహిళా సంఘాలూ ఉన్నాయి. సంస్కృతి పేరుతో ఇచ్చే మినహాయింపును ఎవరి ఒంటి మీద వసూలు చేస్తారో వాళ్లకు తెలుసు. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న మన అమ్మాయిలను “మన ఇళ్లలో ఇదంతా మామూలే, సర్దుకుపో” అని పెద్దలు నచ్చజెప్పినప్పుడల్లా నాకు ఆ కేసు గుర్తొస్తుంది. వేధింపు భరిస్తున్న హెచ్-4 భార్యకు సొంతంగా పని చేసుకునే అనుమతి తెచ్చుకునే దారి ఉంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఆ స్థితిలో ఉంటే ఈ ఒక్క మాట చెప్పండి.

చివరగా మీ తమ్ముడి సంబంధం. వీటన్నిటిలో మన వాళ్లు అసలు ఆలోచించనిది ఇదే. హిందూ వివాహ చట్టం 1955లో మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లి నిషిద్ధ బంధుత్వాల్లోనే ఉంది. ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని అదే చట్టం తలుపు తెరిచి ఉంచింది. టెక్సాస్‌లో అలాంటి తలుపు లేదు. బహుభార్యత్వం పాటించే ఒక మతవర్గం పశ్చిమ టెక్సాస్‌లో దిగిందని 2005లో చేసిన చట్టమార్పు మనకూ చుట్టుకుంది. తోడబుట్టినవాళ్ల పిల్లలు ఒకరినొకరు పెళ్లి చేసుకోవడానికి కౌంటీ క్లర్కు లైసెన్సు ఇవ్వకూడదు. వాళ్ల మధ్య శారీరక సంబంధాన్ని శిక్షాస్మృతి తీవ్రమైన నేరాల జాబితాలో పెట్టింది. విజయవాడలో పెళ్లి చేసుకుని హ్యూస్టన్‌లో కాపురం పెట్టినా ఆ సెక్షన్ పుస్తకంలోంచి పోదు. మేనమామకే అమ్మాయిని ఇవ్వడమైతే టెక్సాస్‌లో ఆ పెళ్లి చెల్లదు.

అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా, జార్జియాల్లో మేనరికానికి అభ్యంతరం లేదు. న్యూయార్క్‌లో 2014లో ఒక వియత్నాం దంపతుల కేసు వచ్చింది. ఆమె అమ్మమ్మే అతని తల్లి, ఆమె తాత, అతని తండ్రి మాత్రం వేర్వేరు మనుషులు, అంటే అర్ధ రక్తసంబంధపు మేనమామ. ఈ పెళ్లి చెల్లదని ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఆమెను దేశం నుంచి పంపేయబోయారు. రక్తసంబంధం లెక్కలో ఇది మేనరికం కంటే దగ్గరదేమీ కాదని, పెళ్లి చెల్లుతుందని రాష్ట్ర అత్యున్నత కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. పెళ్లి జరిగిన చోట చెల్లితే ఇమ్మిగ్రేషన్‌కు సాధారణంగా చాలు. కాపురం ఉండబోయే రాష్ట్రం దాన్ని నేరంగా చూస్తుంటే మాత్రం ప్రశ్నలు లేస్తాయి.

కాబట్టి తాంబూలాలు పుచ్చుకునే ముందే మీ తమ్ముడిని, ఆ అమ్మాయిని కలిపి ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర కూర్చోబెట్టండి. ఇద్దరికీ ఇష్టమైతే వేరే రాష్ట్రంలో ఉద్యోగం చూసుకోగలడా అన్నది ముందు తేల్చుకోమనండి. వీసా ఫారంలో భార్యాభర్తలు బంధువులా అని అడిగితే దాచొద్దు. ఇలాంటి పెళ్లి కంటే ఫారంలో చెప్పిన అబద్ధం వల్ల వెనక్కి వెళ్లినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.